ఎర్రరుమాలు పటాలం పారిపోలేదు

"తాతా, సర్పంచ్ మామ రాయి మీద చెక్కియ్యడానికి నాలుగు ముక్కలు రాసియ్యమన్నడు. ఎర్రరుమాలు పటాలం సంగతి నిన్నే అడగమంటున్నరు అందరు. ఆళ్ళు నిజంగ పారిపోయిన్రా, లేకుంటె కొట్లాడి సచ్చిన్రా?"

రెండూ కాదు బిడ్డా. రెండూ అబద్ధమే. ఆ ఫోను ఇటు జరుపు, నా గొంతు ఇప్పుడు దూరం పోదు. కూసో. నువ్వు మా చెల్లె మనవరాలివి కాబట్టి చెప్తున్న. ఆ సర్పంచే వచ్చి అడిగితె నోరు తెరవకపోదును. వాడు నా అన్న కొడుకే, అయినా సరే. ఎందుకో తర్వాత చెప్త.

నాకు ఈ ముచ్చట మొదట చెప్పింది మా అవ్వ ముత్తమ్మ. మా నాయనను కన్న తల్లి. ఆ పేరు రాసుకో ముందు. ఆమెది ఎవరి నోటనో విన్న మాట కాదు, కండ్లతోని చూసిన మాట. పటాలంల ఉన్న సోమయ్య ఆమె పెనిమిటి, నాకు తాత. అదే పటాలంల ఉన్న ఎంకయ్య ఆమె తమ్ముడు. అంటే మా తాతకు బామ్మర్ది. ఈ ఇద్దరు గుర్తుంటె చాలు నీకు, మిగతా అందరు వస్తరు పోతరు.

అప్పుడిది బస్తర్ రాజ్యం. రాజు జగదల్‌పూర్ల ఉండేటోడు. మనమేం చూసినం రాజును? దసరాకు మోసుకపోయే మేకలు, బియ్యం, గంతే. మనకు దొరంటె గడీల జమీందారే. ఏ గడీ అని అడగకు, చెప్పను. ఆళ్ళ పిల్లలు ఇప్పటికీ బజార్ల ఎదురుపడి నమస్తె పెడ్తరు. ఆ రోజులల్ల ఉప్పు కోసం భోపాలపట్నం పోవాలె. రోడ్డు లేదు, బస్సు లేదు, నడకే. కొట్లె షావుకారు ఒక పక్క మన సారపలుకులు పోసి, ఇంకో పక్క ఉప్పు పోస్తడు. తూకానికి తూకం! సారపప్పు ఇచ్చి ఉప్పు! ఇప్పుడు సారపప్పు ఏం ధర పలుకుతుందో నీకెరుకే గదా? ఆ కొట్టు మనవడు ఇప్పుడు రెండంతస్తుల మేడ కట్టిండు. ఆ మేడ చూసినప్పుడల్ల నాకు... సరే. పటాలం సంగతి అడిగినవు.

పెద్దదొర సచ్చిపోయిండు. ఇద్దరు కొడుకులు, ఇద్దరూ గడీ నాదంటె నాదన్నరు. అన్నదొర గడీల కూసున్నడు. తమ్ముడుదొర వాగు అవతల డేరా వేసిండు. ఇగ వాగుకు ఇవతలి ఊర్లన్నీ అన్న మనుషులు, అవతలి ఊర్లన్నీ తమ్ముని మనుషులు. మనకేమన్న ఆ దొరల మీద ప్రేమ కారిపోతున్నదా? ఏ గట్టున ఇల్లుంటె ఆ గట్టు దొర, గంతే! అవతలి ఊర్లల్ల మన ఆడపిల్లలు ఉన్నరు, ఇవతల ఆళ్ళ ఆడపిల్లలు ఉన్నరు. పండుగకు ఒకే పందిట్ల కల్లు తాగినోళ్ళు ఇప్పుడు ఒకరి మీద ఒకరు బాణం పట్టాలె. సొంతోళ్ళ నడుమ కొట్లాటంటె గట్లుంటది. పరాయోడు వస్తె కొట్టొచ్చు. అత్తగారి ఊరోడు వస్తె ఎట్ల కొడ్తవు?

అన్నదొర దివాను మన ఊరికి వచ్చిండు, ఇంటికొక మనిషిని పంపమన్నడు. మనోళ్ళు అన్నరంట, "వెట్టికయితె పోము. మోతకు వెట్టి చేస్తం, రోడ్డుకు వెట్టి చేస్తం, ప్రాణానికి వెట్టి లేదు. ఇష్టమున్నోడు వస్తడు. అదీ విత్తనాల పండుగ దాకనే." దివాను సరే అన్నడు. కాయితం తీసి బొటనవేలు పెట్టమన్నడు. మనోళ్ళు పెట్టలే. ముడితాడు కట్టుమన్నరు.

"ముడితాడంటె ఏంది తాతా?"

గిదీ చూడలేదా నువ్వు? ఎట్ల చూస్తవులే, నీకు గోడకు క్యాలెండర్ ఉండె. మా కాలంల పెండ్లికి పిలవాలన్నా పండుగకు పిలవాలన్నా నార తాడుకు ముడులు వేసి పంపేటోళ్ళు. పొద్దున లేవంగనె ఒక ముడి విప్పాలె. ముడులు అయిపోయిన పొద్దు బయలెల్లాలె. మాట తప్పెటోడు ఉండడు, ఎందుకంటె తాడు ముందటనే ఉంటది గదా. మన పెర్మ, అదే ఊరి పూజారి, రెండు తాళ్ళు ఒక్క తీరుగ కట్టిండు, దానికెన్ని ముడులో దీనికన్ని. ఒకటి పటాలం ఎంట పోయింది, మా తాత సోమయ్య చేతికి ఇచ్చిన్రు. ఇంకొకటి మా అవ్వ చేతికి, ఇంటి దూలానికి కట్టుకుంది. ఆ తాడు అయిపోయే పొద్దుకు ఆమె విత్తనాల బుట్ట బయట పెట్టాలె, మగోడు వచ్చి బుట్టల చెయ్యి పెట్టాలె, అప్పుడే ఆ ఇంటి విత్తనం చేనుకు పోతది. మా అవ్వ అప్పటికి కొత్త కోడలు. ఇంకా అత్త ముందట గట్టిగ మాట్లాడనిది.

గడీల ఎర్ర గుడ్డ ఇచ్చిన్రు తలకు చుట్టుకోను. కొన్ని తుపాకులు ఇచ్చిన్రు, మందు కూరి కాల్చేటివి, కాలిస్తె ముందటికంటె ఎనకకే ఎక్కువ పొగ. మిగతాదంతా మన బాణాలే. నేర్పించడానికి నిజాం దిక్కు నుంచి వచ్చిన ముసలి హవల్దారు ఒకడు. ఆయన రోజూ అరిచేటోడంట, "వరసలు కట్టండి! నలుగురు నలుగురు పక్కపక్కన నడవండి!" ఎంకయ్య ముందటికి పోయి చేతులు కట్టుకుని, "హవల్దారు సాబ్, అడివిల నలుగురు పక్కపక్కన నడిచే దారి ఒక్కటి చూపియ్యి, నడుస్తం" అన్నడంట. హవల్దారు నెత్తి కొట్టుకున్నడంట. గట్లాంటోడు ఎంకయ్య. నోటికి మూత లేదు.

ఆ నోరే కొంప ముంచింది. వాగు రేవు కాడ కావలి పెట్టిన్రు పటాలాన్ని. శత్రువు రాలే, పంది వచ్చింది. అందరు ఏసిన్రు. పందిల మా తాత బాణమూ ఉంది, ఎంకయ్య బాణమూ ఉంది. మన కాడ తొలి బాణం ఎవనిదో తలకాయ వానిది, తెలుసు గదా. మా తాత నాదే తొలి బాణం అన్నడు. ఎంకయ్య అందరి ముందట అన్నడు, "బావా, నీ బాణం పందికి తగల్లే. పందే ఉరుకొచ్చి నీ బాణానికి తగిలింది."

పటాలమంతా నవ్విందంట. మా తాత నవ్వలే. ఆ పొద్దు సంది బామ్మర్దితోని మాట బంద్. మా ఇంట్ల గంతేనే, మాట బంద్ అంటె బంద్. నేనూ మా అన్నతోని... సరే, అది మల్లొకసారి.

ఇగ ఈడ జాగ్రత్తగ విను, ఈడనే అందరు తప్పు చెప్తరు. మా తాతకు జ్వరం వచ్చింది. అడివి జ్వరం, ఒళ్ళు తెల్వదు. దూరంగ మద్దిచెట్టు కింద ఆకుల గుడిసె వేసి ఆడ పండబెట్టిన్రు. తాడు మాత్రం వంటకాడి గుంజకే ఏలాడుతున్నది. ఎంకయ్య చూసిండు. బావకు చాతకాదు, తాడు విప్పెటోడు లేడు. పొద్దున్నే పోయి ఒక ముడి విప్పుకుంట వచ్చిండు, జ్వరమున్నన్ని రోజులు. మంచి పనే చేసిండు. కాని ఎవనికీ చెప్పలే. చెప్తె మా తాతకే చెప్పాలె, ఆయనతోని మాట లేదాయె. మా తాత జ్వరం తగ్గి లేచిండు. అరెరె, పండుకున్నన్ని రోజుల ముడులు నిలిచిపోయినయే అనుకున్నడు, అందాజుగ అన్ని ముడులు ఒక్కసారే విప్పేసిండు. ఎవరన్న విప్పిన్రా అని అడగలే. అడుగుతె ఎవరినడగాలె? ఆ గుంజ పక్కన కూసొని గంజి తాగుతున్నది ఎంకయ్యే!

గంతే. ఒక్క మాట అడుగుతె అయిపోయేది. ఒక్క మాట.

తాడు ముందుగాల్నే ఖాళీ అయింది. వాన జాడ లేదు, ఎండ మాడుతున్నది. ఈ యేడు వానలు లేటేమో అనుకున్నరు. పటాలం పోయి హవల్దారు ముందట నిలబడ్డది, మా గడువు అయిపోయింది, పోతం అన్నది. హవల్దారు ఎర్రబడ్డడు. "ఇయ్యాలో రేపో తమ్ముడుదొర మనుషులు రేవు దాటుతరని ఖబర్ వచ్చింది. ఇప్పుడు పోతరా?" అన్నడు. మా తాత ఉత్త తాడు చూపించిండు. మాటంటె మాట. తుపాకులు తెచ్చి ఇప్పచెట్టుకు వరసగ ఒరగబెట్టిన్రు. ఎర్రరుమాళ్ళు మడత పెట్టి ఆయన ముందట పెట్టిన్రు. దండం పెట్టి నడిచిన్రు. హవల్దారు ఎనక నుంచి తిట్టిన తిట్లు నీకు చెప్పను, ఆడపిల్లవు.

పాట విన్నవు గదా నువ్వు? పెండ్లిల్ల అవతలి గట్టు ఆడోళ్ళు పాడేది?

"విన్న తాతా. తొలిచినుకు పడ్డదో..."

ఆపు, ఆపు. నేనే చెప్త.

తొలిచినుకు పడ్డదో అన్నా, తుపాకి చెట్టుకొరిగిందో
ఎర్రరుమాలు నేల పడ్డదో అన్నా, ఎనక్కి చూడక ఉరికిండో

చూడు ఎన్ని అబద్ధాలో. తొలిచినుకు పడలే, అప్పుడు చినుకే లేదు. తుపాకి చెట్టుకొరిగింది, అది నిజం, అది ఒప్పుకుంట. రుమాలు నేల పడలే, మడత పెట్టి పెట్టిన్రు. ఉరకలే, నడిచిన్రు. నాలుగు మాటలల్ల ఒక్కటి నిజం. గదే పాట నా పెండ్లిల పాడిన్రు! నాకు పిల్లనిచ్చింది అవతలి గట్టోళ్ళే గదా. పీటల మీద కూసున్న నేను. పాట మొదలుకాంగనె లేచి నిలబడ్డ. మా నాయన భుజం పట్టి కూసోబెట్టిండు, "కొట్లాట నీ పెండ్లయినంక పెట్టుకో" అన్నడు. పెట్టుకున్న. ఇప్పటిదాక పెట్టుకునే ఉన్న.

ఇగ ఇంటికి వచ్చిన కథ. మా అవ్వ ఊరి బయట చేనుల ఉంది, ఎండిన తుమ్మకొమ్మలు ఏరి కుప్ప పెడుతున్నది. మనుషులు ఒకని ఎనక ఒకడు వస్తున్నది చూసింది. మొగుని నడక గుర్తుపట్టింది. సంబరపడిందంట మొదట, కొత్త కోడలు గదా. తర్వాత దూలానికున్న తాడు యాదికొచ్చిందంట. పొలిమేర రాయి కాడికి ఎదురుపోయింది.

"ఏంది, అప్పుడే వచ్చిన్రు?" అన్నది.

"అప్పుడే ఏంది? తాడు అయిపోయింది" అన్నడు మా తాత.

"నా తాడు కాలే" అన్నది.

ఇంట్లకు ఉరికింది. దూలానికున్న తాడు తెంపుకుని తెచ్చి మగోళ్ళందరి ముందట పట్టుకున్నది. ముడులున్నయి ఇంకా. ఒకటో రెండో కాదు. పెర్మ కట్టిన ముడులు, ఎవడు కాదంటడు? అప్పుడు ఎంకయ్య, పంది పొద్దు సంది మాట్లాడనోడు, మెల్లగ అడిగిండంట, "బావా, జ్వరం తగ్గినంక నువ్వేమన్న విప్పినవా?"

"విప్పిన. నిలిచిపోయినయి గదా."

"నిలువలే బావా. నేను విప్పిన. రోజూ."

ఎవడో నవ్విండంట. నవ్వి మల్ల టక్కున నోరు మూసుకున్నడంట. అందరికీ అర్థమైంది ఏం జరిగిందో. రేవు కాడ ఏం జరుగుతుంటదో కూడా.

ఒక పెద్దాయన అన్నడు, "వచ్చిన్రు గదా, వచ్చిన్రు. మబ్బు పడుతున్నది, విత్తనం వేసుకోన్రి. అది దొరల కొట్లాట, మనకెందుకు?" నిజమే గదా! నేనున్నా అదే అందునేమో. చానా మంది తలకాయ ఊపిన్రంట. అప్పుడు మా అవ్వ, అత్త ముందట గట్టిగ మాట్లాడనిది, అన్నది, "నా తాడుకు ముడి ఉండంగ నేను బుట్ట మూత తియ్య. ఎవరింటి బుట్ట వాళ్ళు తీసుకోన్రి. మా ఇంటిది తియ్య."

మొగుని మొఖం చూడలేదంట అనేటప్పుడు. చూస్తె అనలేకపోయేదాన్ని అని నాకు చెప్పింది. అలిసిపోయి ఉన్నడు, జ్వరం నుంచి లేచిన ఒళ్ళు, కండ్లు గుంటలు పడ్డయి. నీళ్ళన్న తాగుమంటె ఆగిపోతడేమో అని నీళ్ళు కూడా అడగలేదంట. ముసలితనంల కూడా ఆ మాట కాడికి వచ్చేసరికి ఆమె చెప్పుడు ఆపేసేది. "నీళ్ళన్న ఇయ్యకపోతిని రా" అనేది.

మా తాత ఆమె చేతిల తాడు తీసుకున్నడు. పొలిమేర రాయి దాటకుండనే తిరిగిండు. ఎంకయ్య ఆయన ఎనక. తర్వాత మిగతా అందరు. ఆ పెద్దాయన కొడుకు కూడా.

దారిల వాన పట్టుకుంది. వాగులన్నీ పొంగినయి, ఆగుకుంట పోయిన్రు. రేవు కాడికి పోయేసరికి ఏముంది? అంతా అయిపోయింది. మనోళ్ళు ఎల్లిన మరునాడే అవతలోళ్ళు దాటిన్రంట. హవల్దారు కాలుకు దెబ్బ తగిలించుకుని గడీకి పోయిండు, పటాలం పారిపోయిందని రిపోర్ట్ ఇచ్చిండు. ఆయన చూసినంత వరకు నిజమే మరి, ఆయన్ను నేనేమనను. తుపాకులు లేవు. రుమాళ్ళు బురదల తొక్కి ఉన్నయి. గడీ మనుషులు, అవతలి గట్టు మనుషులు, అందరు ఒక్కకాడనే సచ్చి పడి ఉన్నరు.

మనోళ్ళు ఏం చేసిన్రో చెప్తె నువ్వు నమ్మవు. ఆడనే ఉన్నరు. కొట్లాడను ఎవడూ లేడు, కూడు పెట్టెటోడు లేడు, చూసెటోడు లేడు. రుమాళ్ళు వాగుల పిండి మల్ల తలకు చుట్టుకున్నరు. ఈ గట్టోళ్ళకు ఆ గట్టోళ్ళకు గోతులు తవ్విన్రు. రేవు కావలి కాసిన్రు. పొద్దున్నే మా తాత, ఎంకయ్య ఇద్దరు కూసొని ఒక ముడి విప్పేటోళ్ళంట, తాడు ఈ కొస ఒకడు, ఆ కొస ఒకడు పట్టుకుని. ఆఖరి ముడి అయినంకనే ఇంటికి వచ్చిన్రు. అప్పటికి మంచి వాన దాటిపోయింది, విత్తనం లేటుగ పడ్డది. ఆ యేడు పంట ఏం పండలే. గడ్డలు తవ్వుకుని తిన్నరు మనోళ్ళు. మా నాయన అప్పుడు మా అవ్వ కడుపుల ఉన్నడు. అందుకే పొట్టిగ పుట్టిండు అనేది.

దొరలిద్దరా? ఆ యేడు దసరాకే రాజీ అయిన్రు. ఒక్క పీట మీద కూసొని తిన్నరంట.

"మరి ఆళ్ళు తిరిగిపోయిన్రని ఎవరికీ తెల్వదా తాతా? అవ్వ తప్ప?"

అదే చెప్తున్న, ఆగు. ఒక మనిషి చూసింది. అవతలి గట్టు ఆమె, మొగుని పీనుగును ఎతుక్కుంట వచ్చింది. మనోళ్ళే చూపించిన్రు ఏ గోతిల పెట్టిన్రో. మల్లొచ్చినప్పుడు కుండల అంబలి తెచ్చి ఇచ్చింది. నాకెట్ల తెలుసు? మీ అమ్మమ్మ, అదే, నా పెండ్లాం రాజమ్మ... మీ అమ్మమ్మ వరసే గదా నీకు... ఆమె వడ్లు దంచుకుంట కూనిరాగం తీసేది. ఏ పాట? గదే పాట! మా ఇంట్ల, మా రోలు కాడ! ఒకనాడు నేను కేకలేసిన, ఆ పాట ఇంకొక్కసారి పాడితె మీ అమ్మగారింటికి పో అన్న. రోకలి ఆపింది. "నాకు పాట ఒక్కటే వచ్చా? ముచ్చట కూడా వచ్చు" అన్నది. "మా ముసలమ్మ మొగుణ్ణి గోతిల పెట్టింది ఎర్రరుమాళ్ళోళ్ళే అని చెప్పేది. బురద రుమాళ్ళు, తడి రుమాళ్ళు కట్టుకుని ఉన్నరంట. నేను అంబలి పోస్తె తినే ముందట ఏడ్చిన్రు అని చెప్పేది" అన్నది.

నేను అడిగిన, "మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? తిట్టుడే గదా నీకు వచ్చింది" అన్నది. మల్ల రోకలి ఎత్తింది.

ఆ రోజు నేను చేనుకు పోలే. ఇంటి ఎనక కూసున్న. మా అవ్వ చెప్పిందే వాగవతల ఇంకొకామె కూడా చెప్పింది, ఈమె ఆమెను చూసింది లేదు, ఆమె ఈమెను చూసింది లేదు. ఇంకేం కావాలె సాక్ష్యం? ఇప్పుడు ఆ ముసలమ్మ లేదు, అవ్వ లేదు, మీ అమ్మమ్మ పోయి కూడా చానా ఏండ్లాయె. ఇగ ఈ ముచ్చట ఉన్న నోరు ఇదొక్కటే. నాకు సంతకం వరకే వచ్చు, రాసిపెట్టను చాతకాలే.

సర్పంచ్ సంగతి చెప్తనన్న గదా. వాడు రాయి మీద ఏం చెక్కిస్తనన్నడో తెలుసా? మా తాత రేవు కాడ ఒక్కడే నిలబడి అంత మందిని కొట్టి వీరమరణం పొందిండంట! వీరమరణం పొందినోడు మా నాయనను మద్దేడ్ సంతకు బుజాల మీద ఎట్ల ఎత్తుకుపోయిండు? వానికి ఆ మాట అడిగిన, "చిన్నాయనా, నువ్వు ఇజ్జత్ తీస్తున్నవ్, పారిపోయిన్రని పాట ఉండంగ మనం ఇంకో మాట గట్టిగ చెప్పాలె" అన్నడు. అబద్ధానికి అబద్ధం పెట్టి సరి చేస్తడంట. పారిపోయినోళ్ళంటె నాకు ఎంత మంటనో, సచ్చి వీరులయిన్రంటె గంతే మంట. ఆళ్ళు చేసింది అంతకంటె... చిన్నదో పెద్దదో నేను చెప్పలేను బిడ్డా. ఆళ్ళు చేసిందే రాయమంటున్న.

నువ్వు సదువుకున్నదానివి, నీ మాట వింటడు వాడు. రాయి చెక్కెటోడు వచ్చే ముందటనే పోయి చెప్పు. వీరులు అని పెట్టొద్దు. సచ్చిన్రు అని పెట్టొద్దు. ముడులల్ల తప్పు జరిగి ముందుగాల వచ్చిన్రు, తెలిసినంక పొలిమేర దాటకుండ తిరిగిపోయిన్రు, ఆఖరి ముడి దాక రేవు కాసిన్రు. గట్ల రాయి. తప్పు జరిగింది అన్న మాట తీసెయ్యనియ్యకు, అది తీసేస్తె మిగతాది ఎవడూ నమ్మడు. జాగ చాలకపోతె సర్పంచ్ పేరు తీసెయ్యి, అడుగున పెద్దగ పెట్టుకుంటున్నడంట.

పేర్లు ఏం పెడ్తవు? సోమయ్య ఒక్కటే పెడ్తవా? అట్ల కాదు. ఎంకయ్య పేరు పక్కననే పెట్టు, ఒక్క వరసల, ఒక్క సైజుల. ఆయన మనవళ్ళతోని నాకు మాట లేదు, పొలం గట్టు కాడ... ఎందుకులే. మాట లేదు, అయినా పెట్టు. ఎవరన్న అడిగితె నేనే పెట్టుమన్ననని చెప్పు. ఆళ్ళకు కూడా చెప్పు, ముసలోడే చెప్పిండని... చెప్పు, ఏమంటరో చూద్దాం. పో బిడ్డా, చల్లగుండు. పొద్దు ఉండంగనె పో, సర్పంచ్ ఇంటికాడ దొరుకుతడు...